స్తంభం పగులుతుందని తెలిసీ ఎందుకు చూస్తాం?

"నిన్న చూసిందే కదరా ఇది" అన్నాడు జేజినాయన.

"కాదు జేజినాయనా, నిన్న కాలియా పందెంలో మోసం చేసినాడు. ఈపొద్దు భయపడి పరిగెత్తినాడు" అన్నాడు ఏడేళ్ల మనవడు.

కర్నూలులో మా బంధువుల ఇంట్లో సెలవుల్లో విన్న మాటలివి. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని ఒకే ఛోటా భీమ్ ఎపిసోడ్ చూస్తున్నారు. పెద్దాయనకు కథ మాత్రమే కనబడింది. భీమ్ ఊరు ధోలక్‌పూర్‌కు ఏదో ఆపద వస్తుంది, భీమ్ లడ్డు తింటాడు, ఆపద తీరుతుంది. రోజూ అంతే కదా అని ఆయన మాట. పిల్లవానికి భీమ్ గెలుస్తాడని ఎప్పుడో తెలుసు కాబట్టి వాని చూపంతా భీమ్‌తో ఎప్పుడూ పోటీపడే కాలియా మీదే ఉంది. ఇద్దరి మాటా నిజమే.

ఇదే ప్రశ్న ఇంకాస్త పెద్ద రూపంలో 2025లో మన ముందుకొచ్చింది. ఆ ఏడాది జూలై 25న మహావతార్ నరసింహ అనే యానిమేషన్ సినిమా విడుదలైంది. మన దేశపు యానిమేషన్ సినిమాల్లో అంతకుముందు ఏదీ అంత వసూలు చేయలేదు. అందులో ఉన్నది ప్రహ్లాదుని కథ. అహోబిలం మన నంద్యాల జిల్లాలోనే ఉంది. స్వామి వెలసిన చోటని చెప్పే ఉగ్రస్తంభం దాకా కొండెక్కి వచ్చిన కుటుంబాలు ఇక్కడ లెక్కలేనన్ని. చివర్లో స్తంభం పగులుతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా బొమ్మల్లో ఈ కథ చూడడానికి జనం థియేటర్లకు కదిలారు. తెలిసిన కథకు ఇంత బలం ఎక్కడ నుంచి వస్తుంది? బొమ్మల కథల్లో ఫార్ములా ఎలా పుట్టింది, దాన్ని పక్కపాత్రలు ఎలా మోస్తాయి అన్నది చూస్తే కొంత అర్థమవుతుంది.

ఫార్ములా వేరు, మూస వేరు

ఫార్ములా అంటే సంఘటనలు వచ్చే వరస. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ మలుపు అన్నది ముందే ఖాయమై ఉంటుంది. మూస అంటే మనిషిని ఒక్క గుణానికి కుదించేయడం: లావుగా ఉంటే తిండిపోతు, కళ్లద్దాలు పెట్టుకుంటే తెలివైనవాడు. మాటల్లో ఈ రెండింటినీ కలిపేసి "రొటీన్" అనేస్తాం. కానీ గట్టి ఫార్ములా లోపల మూసకు లొంగని పాత్రలు ఉండొచ్చు, ఫార్ములానే లేని కథలో అన్నీ మూస పాత్రలే ఉండొచ్చు.

పక్కపాత్ర అంటే కథ ఎవరిదో వారు కాకుండా, ఆ కథ నడవడానికి అవసరమైన మనిషి. మనిషే కావాలని కూడా లేదు. కోతి, నక్క, మాట్లాడే దీపం, ఏదైనా కావచ్చు.

డోరేమాన్ అనే జపాన్ కార్టూన్ ఫార్ములా ఎంత గట్టిదంటే పిల్లలు నిద్రలో లేపినా చెప్తారు. నోబితా అనే పిల్లవానికి బడిలోనో వీధిలోనో అవమానం జరుగుతుంది. ఏడ్చుకుంటూ ఇంటికొస్తాడు. డోరేమాన్ జేబులోంచి ఒక వస్తువు తీసిస్తాడు. మొదట అంతా బాగుంటుంది. తర్వాత నోబితా అత్యాశకు పోతాడు, ఆ వస్తువు అతని మీదికే తిరగబడుతుంది. ఇందులో జియాన్ కొట్టేవాడు, సునియో గొప్పలు చెప్పుకునేవాడు. వాళ్లిద్దరూ లేకపోతే మొదటి అవమానమే ఉండదు, కథ గడప దాటదు.

ఇప్పుడు వరస మార్చి చూడండి. 1980 నుంచి డోరేమాన్ పెద్ద సినిమాలు కూడా వస్తున్నాయి. వాటిలో పిల్లలందరూ కలిసి దూరదేశానికో వేరే లోకానికో వెళ్తారు, అక్కడ అసలైన ప్రమాదం ఎదురవుతుంది. టీవీలో నోబితాను చావగొట్టే జియాన్, సినిమాలో స్నేహితుల కోసం ప్రాణానికి తెగిస్తాడు. సినిమా జియాన్ మంచివాడని జపాన్ ప్రేక్షకుల్లో ఒక నానుడిలా ఉంది. పిల్లవాడు అదే, గొంతూ అదే. ఫార్ములా మారేసరికి అతనిలో అప్పటిదాకా పనికిరాని గుణం బయటికొచ్చింది. ఒక పాత్ర ఎలాంటిదో తేల్చేది దాని స్వభావం ఒక్కటే కాదని, కథ దానికి ఏ పని అప్పగించిందన్నది కూడా అంతే ముఖ్యమని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

లెక్క వేస్తే తెలిసే సంగతి

ఫార్ములా బద్ధకం వల్ల పుట్టిందని చాలామంది అనుకుంటారు. ఒకసారి లెక్క వేద్దాం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. టీవీ కార్టూన్‌లో ఒక కథ నిడివి సుమారు 11 నిమిషాలు అనుకుంటే 660 సెకన్లు, అంటే 15,840 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా 7,920 బొమ్మలు కావాలి. అదీ ఒక్కరు కదిలితే. ముగ్గురు కదిలితే ఒక్కొక్కరినీ విడిగా గీయాలి.

టామ్ అండ్ జెర్రీ తీసిన హానా, బార్బెరాలకు ఈ కష్టం స్వయంగా తెలుసు. థియేటర్ల కోసం తీసినప్పుడు ఒక్కో ఏడు నిమిషాల సినిమాకు నెలల తరబడి పనిచేసేవారు. 1957లో వాళ్లు పనిచేసే ఎంజీఎం సినిమా సంస్థ తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది. ఇద్దరూ టీవీ వైపు వచ్చారు. అక్కడ డబ్బూ తక్కువ, గడువూ తక్కువ. అందుకని శరీరం కదలకుండా తలా నోరూ మాత్రమే కదిలే పద్ధతి పట్టుకున్నారు. యోగి బేర్ అనే ఎలుగుబంటి మెడలో కాలర్, టై ఎందుకున్నాయో తెలుసా? మెడ దగ్గర ఆ గీత ఉంటే తలను విడిగా గీసి మార్చుకోవచ్చు, మొండెం అలాగే ఉంచొచ్చు. జపాన్‌లో 1963లో ఆస్ట్రో బాయ్‌ను టీవీకి తెచ్చిన ఒసాము తెజుకా బృందం, ఒకసారి గీసిన కదలికలను దాచిపెట్టి మళ్లీ మళ్లీ వాడేది. దాన్ని బ్యాంక్ అనేవారు.

బొమ్మ కదలడం తగ్గినప్పుడు ఆ ఖాళీని మాట నింపాలి. మాట్లాడాలంటే ఇద్దరు కావాలి. అందుకే టీవీ కార్టూన్లలో జంటలు అంతగా పెరిగాయి. ఒకడు ఆలోచన చెప్తాడు, రెండోవాడు "అది కుదరదు" అంటాడు. మోటూ పట్లూ కార్టూన్‌లో మోటూ తింగరి పని చేస్తాడు, పట్లూ బుర్ర వాడతాడు. ఇద్దరూ నిలబడి మాట్లాడుకుంటే చాలు, అర నిమిషం గడిచిపోతుంది, పిల్లలు నవ్వుతారు కూడా.

హీరో కదలడు, పక్కవాళ్లే కదులుతారు

2008లో మొదలైన ఛోటా భీమ్‌ను హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసింది. అందులో భీమ్ మారడు. మొదటి ఎపిసోడ్‌లో ఎంత మంచివాడో ఇప్పుడూ అంతే. అలాంటి హీరోతో కథ నడపడం కష్టం. భయపడడు, అబద్ధం ఆడడు, అసూయపడడు. మరి పిల్లవానికి రోజూ కలిగే భయం, అసూయ, గొప్ప కోసం పాకులాట ఎవరిలో కనబడాలి?

కాలియాలో. అతన్ని ఒక్క నిమిషం కథలోంచి తీసేసి చూడండి. భీమ్‌తో పోటీపడేవాడు ఉండడు. భీమ్ బలం ఎంతో కొలవడానికి గీటురాయి ఉండదు. ప్రమాదం వస్తే ముందు దూకి ఇరుక్కునేవాడు ఉండడు. ధోలూ, భోలూల పనీ పోతుంది, ఎందుకంటే వాళ్లు కాలియాకు పక్కపాత్రలు. మిగిలేది మంచివాడు రాక్షసుణ్ని కొట్టడం. అది రెండు నిమిషాల్లో అయిపోతుంది.

పక్కపాత్ర చేసే పనులు చాలా ఉన్నాయి కానీ నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే. హీరోకు తగదని మనం అనుకునే గుణాలన్నింటినీ పక్కపాత్రే తన నెత్తిన పెట్టుకుంటుంది. మిగతావి, అంటే ప్రేక్షకుని బదులు ప్రశ్న అడగడం, బిగువు ఎక్కువైనప్పుడు నవ్వించడం, హీరోకు సమాచారం మోసుకురావడం, దీని తర్వాతే.

పాత కథలను బొమ్మల్లోకి తెచ్చినప్పుడు ఈ అవసరం ఎంతుందో బాగా బయటపడుతుంది. గ్రిమ్ సోదరుల కథలో స్నో వైట్‌ను ఆదుకునే ఏడుగురు మరుగుజ్జులకు పేర్లే లేవు. 1937లో డిస్నీ సినిమాకు వచ్చేసరికి ఒక్కొక్కరికీ పేరు, నడక, స్వభావం పెట్టారు. పినోకియో ఇంకా విచిత్రం. ఇటలీ రచయిత కొల్లోడి రాసిన మూలకథలో నీతులు చెప్పే చిమ్మెటను పినోకియో మొదట్లోనే సుత్తి విసిరి చంపేస్తాడు. 1940 సినిమాలో అదే చిమ్మెట పినోకియోకు అంతరాత్మగా నిలిచి, మనకు కథ చెప్పేదీ అయింది. చెక్కబొమ్మకు మంచీ చెడూ తెలియవు. తెలిసినవారు ఒకరు పక్కన లేకపోతే ఆ ఊగిసలాట తెర మీద చూపించలేరు.

నిమ్మలకుంట తెర మీద కేతిగాడు

ఇదంతా బయటి దేశాల నుంచి వచ్చిన కిటుకు అనుకోనక్కరలేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలోది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును కాంతి దూరేంత పలుచగా చేసి, రంగులద్ది, చిల్లులు పొడిచి బొమ్మ చేస్తారు. తెల్లని గుడ్డ వెనక దీపం, దీపానికీ గుడ్డకూ మధ్య బొమ్మ. కీళ్ల దగ్గర కట్టిన పుల్లలతో చేతులు ఆడుతాయి. ఆడించేవాళ్లే పాడతారు, వాళ్లే మాట్లాడతారు. సీమ పల్లెలకు టీవీ రావడానికి ఎంతో ముందే బొమ్మలు కదిలే తెర వచ్చింది.

ఆ తెర మీద రాముడు ఎలా ఉంటాడు? ఛోటా భీమ్ లాగే, మారడు. పద్యం పాడతాడు, ధర్మం తప్పడు. ఊళ్లో వానలు పడలేదనో, రెడ్డి ఇంటి పెళ్లిలో భోజనం చాలలేదనో రాముని చేత చెప్పించలేరు. ఆ మాటలకు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఉన్నారు. రామాయణ ఘట్టం ఒకటి ముగిసి ఇంకోటి మొదలయ్యే సందులో దూరిపోతారు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, మోటు సరసాలాడతారు, ఆ ఊరి సంగతులు ఎత్తుతారు. లంకా దహనం ఏ ఊళ్లో ఆడినా ఒకేలా జరుగుతుంది. కేతిగాడి మాట మాత్రం ఊరికొక తీరు.

ఫార్ములా ఏం ఇస్తుందో ఇక్కడ చేత్తో పట్టుకుని చూడొచ్చు. రాముని కథ గట్టి గుంజలాగా పాతి ఉంది కాబట్టి, కేతిగాడు దాని చుట్టూ ఎంత దూరమైనా తిరిగి రావచ్చు. కథ ఏమైపోతుందోనన్న టెన్షన్ ప్రేక్షకునికి లేదు. ఆడించేవాళ్ల లెక్క కూడా యోగి బేర్ కాలర్ లాంటిదే. ఒక పెద్ద బొమ్మ చేయడానికి ఎన్నో రోజులు పడుతుంది, చేశాక ఏళ్ల తరబడి వాడాలి. ప్రతి ఊరికీ కొత్త కథ, కొత్త బొమ్మలు చేయడం జరిగే పని కాదు. పాత బొమ్మలకు కొత్త మాటలు పెట్టడం కుదురుతుంది.

కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం మూలం కూడా తోలుబొమ్మలాడించిన కుటుంబాలదే. తోలు వదిలి మనుషులే వేషాలు కట్టారు. ఈరోజు నిమ్మలకుంటలో ఆటల కన్నా దీపపు గొడుగులూ గోడ బొమ్మలూ ఎక్కువ అమ్ముడుపోతున్నాయి. వాటి మీద ఎక్కువగా కనిపించేది దేవుళ్లు, నెమళ్లు. కేతిగాణ్ని అడిగి కొనుక్కునేవాళ్లు అరుదు. ఆ సంగతి తలచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే రాత్రంతా జనాన్ని మేలుకొలిపి కూర్చోబెట్టింది ఆయనే.

ప్రహ్లాదుని కథలో చుట్లు

మళ్లీ అహోబిలం కథకు వద్దాం. సినిమాను పక్కనపెట్టి, మన ఇళ్లలో చెప్పుకునే కథనే తీసుకుందాం. దాని నిర్మాణం కార్టూన్ ఎపిసోడ్లకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. హిరణ్యకశిపుడు కొడుకును గురువుల దగ్గరికి పంపుతాడు. తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నావని అడుగుతాడు. కొడుకు హరిపేరు చెప్తాడు. తండ్రికి కోపం. మళ్లీ గురువుల దగ్గరికి. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ తర్వాత శిక్షలు: ఏనుగులు, పాములు, విషం, నిప్పు, కొండ మీది నుంచి తోయడం. ప్రతిసారీ విఫలం.

ఈ చుట్లలో ప్రహ్లాదుడు ఏమీ మారడు. మారేదంతా చుట్టూ ఉన్నవాళ్లలో ఉంది. తండ్రికి మొదట ముద్దు, తర్వాత అనుమానం, కోపం, చివరికి లోలోపల భయం. తల్లి లీలావతి నలిగిపోతుంది. గురువులు చండామార్కులైతే పాపం, ఈ పిల్లవాడు చదివిన చదువు మేం చెప్పింది కాదు మొర్రో అని రాజుకు సంజాయిషీ చెప్పుకోవాలి. పిల్లవాడు పరీక్షలో ఏదో రాస్తే తమ మీదికొస్తుందని వణికే అయ్యవార్లు మనకు తెలియనివాళ్లా! వాళ్ల భయం నిజమనిపించినప్పుడే ఆ రాజు ఎంత భయంకరుడో మనకు తెలుస్తుంది. స్తంభం పగలడం అందరికీ తెలుసు. ఎన్ని చుట్లు తిరిగాక, ఎవరి ముఖం ఎలా మారాక పగులుతుందన్నదే ఉత్కంఠ.

పక్కపాత్రకు ఏ యాస పెట్టాలి?

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. కాస్త సేపు మాత్రమే కనిపించే పాత్రను వెంటనే గుర్తుపట్టేలా చేయాలి. దానికి దగ్గరి దారి ఆకారం, లేదా గొంతు. 2019లో ది లయన్ కింగ్ తెలుగులోకి వచ్చినప్పుడు సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు గొంతులిచ్చారు. పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ. ఆ రెండు గొంతులు వినబడగానే అడవిపందీ, ముంగిసలాంటి మీర్కాటూ అప్పటికే మనకు తెలిసిన జంట అయిపోయాయి. పరిచయం చేసే శ్రమ మొత్తం తప్పింది.

అదే దగ్గరి దారి ఒక్కోసారి మనిషిని నొప్పిస్తుంది. 1992 నాటి అలాద్దీన్‌లో హీరో, హీరోయిన్ అమెరికా ఇంగ్లీషులో మాట్లాడతారు, దుర్మార్గులకూ అంగడివాళ్లకూ మాత్రం అరబ్బు యాస పెట్టారని అప్పట్లోనే గట్టి విమర్శ వచ్చింది. మనకిది కొత్తగా అనిపించదు. తెలుగు సినిమాలో చాలాకాలం సీమ యాస అంటే ఫ్యాక్షన్ విలన్‌కో, నవ్వించేవానికో తప్ప వేరేవాళ్లకు పెట్టలేదు. "యాడికి పోతాండావు" అనే మాటతో ఒక పసిపిల్ల తల్లిని పిలవడం, ఒక డాక్టర్ రోగిని పలకరించడం తెర మీద ఎన్నిసార్లు విన్నాం? అనంతపురం పిల్లవాడు తన ఇంటి భాషను కార్టూన్‌లో దొంగ నోటి నుంచే వింటే వానికి ఏం తెలుస్తుంది? ఇది ఫార్ములా తప్పు కాదు. మూస తప్పు.

మళ్లీ మళ్లీ అదే: మంచిదా, చెడ్డదా?

పిల్లలకు ఒకే తీరు కథలు చూపిస్తే బుర్ర ఎదగదనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో తీసివేయలేనిది ఉంది. అయిదుగురు పిల్లల గుంపులో ఒకే ఒక్క అమ్మాయి ఉండడం, ఆమె పని లడ్డు అందించడమో బుద్ధి చెప్పడమో కావడం ఎన్ని కార్యక్రమాల్లో చూశాం! ఛోటా భీమ్‌లో చుట్కీ, డోరేమాన్‌లో షిజుకా మంచి పాత్రలే. వందల ఎపిసోడ్లలో వాళ్లకు దొరికిన చోటు మాత్రం ఇరుకు. ఒక్క ఎపిసోడ్ హాని చేయదు, అదే ఇరుకు రోజూ కనబడితే అదే లోకం తీరనిపిస్తుంది.

రెండో వైపు కూడా ఆధారం ఉంది. 1996లో అమెరికాలో బ్లూస్ క్లూస్ అనే చిన్నపిల్లల కార్యక్రమం మొదలైనప్పుడు, కావాలనే ఒకే ఎపిసోడ్‌ను వరసగా అయిదు రోజులు వేసేవారు. పరిశోధకులు గమనిస్తే, చూసేకొద్దీ పిల్లలకు విషయం మరింత అర్థమైంది, టీవీతో మాటలు కలపడం కూడా పెరిగింది. మొదటిరోజు అర్థం కాని పిల్లవాడు అయిదో రోజు జవాబు అరిచి చెప్తాడు. ఆ గెలుపు వానికి కావాలి. వయసు పెరిగేకొద్దీ ఆ అవసరం తగ్గుతుంది. మూడేళ్ల పిల్లకూ పదేళ్ల పిల్లవానికీ ఒకే తీర్పు చెప్పడం వల్లే ఈ చర్చ ఎప్పుడూ తెగదని నాకనిపిస్తుంది.

ఫార్ములాను విరిచితే సరిపోతుందా అంటే, విరవడం కూడా ఫార్ములా అయిపోతుంది. మంచివాడిలా కనబడిన మనిషే చివరికి విలన్ అని తేలడం 2013లో ఫ్రోజెన్‌లో ఆశ్చర్యం. ఆ తర్వాత నాలుగైదేళ్లలో పెద్ద స్టూడియోల సినిమాల్లో అదే మలుపు ఎన్నిసార్లు వచ్చిందంటే, మొదటి సగంలో ఎక్కువ నవ్వేవాణ్ని చూసి పిల్లలే వేలు చూపించారు. అదే ఫ్రోజెన్‌లో అసలైన మార్పు వేరే చోట జరిగింది. మంచు శక్తులున్న రాణి ఎల్సాను మొదట విలన్‌గానే అనుకున్నారు. ఆమె కోసం రాసిన పాట విన్నాక, ఇంత బాధ ఉన్న మనిషి విలన్ ఎలా అవుతుందని కథనే తిరగరాశారు. ఒక పాత్ర లోపలికి తొంగి చూస్తే, ఫార్ములా తనంతట తాను పక్కకు జరిగింది.

వ్యాపారం ఈ లెక్కను ఇంకోలా మార్చింది. 2010 సినిమాలో గ్రూ అనే దొంగకు సేవకులుగా వచ్చిన మినియన్లు ఎంత నచ్చారంటే, 2015లో వాళ్లే హీరోలుగా వేరే సినిమా వచ్చింది, వంద కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. అయితే పక్కపాత్రను మధ్యలో నిలబెట్టేసరికి కొత్త సమస్య. అన్నీ ఒకేలా ఉండే గుంపుతో గంటన్నర నడవదు. అందుకని ముగ్గుర్ని ఏరి, ఒకడికి పెద్దన్న బాధ్యత, ఒకడికి ఆకతాయితనం, ఒకడికి పసితనం పంచారు. తమకూ ఒక దొర కావాలని వాళ్లే వెతుక్కుంటూ పోయారు. పాత ఏర్పాటునే మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

మా బంధువుల ఇంట్లో ఆ రోజు ఎపిసోడ్ అయిపోయాక జేజినాయనను అడిగాను, చిన్నప్పుడు తోలుబొమ్మలాటలో ఏం చూసేవాళ్లని. సీత కథా, రావణుని కథా ఏదీ గుర్తుకు రాలేదు ఆయనకు. "నిద్ర పోయేటోళ్లం. కేతిగాడు వస్తే లేపమని మా అవ్వకు చెప్పి పండుకునేటోళ్లం" అన్నాడు. మనవడు టీవీ వదిలి ఇటు తిరిగి, కేతిగాడు కాలియా మాదిరి ఉంటాడా అని అడిగాడు.